నాలుగో గుడ్డ

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఉండేది. అందులో వీర్రాజు అనే వెల్డరు. పనిలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు. తల మీద వేసే వెల్డింగైనా, నిలువు జాయింటైనా, స్లాగు ఊడగొట్టి చూస్తే బీడు ఒకే వెడల్పున, ఎక్కడా గుంట లేకుండా కనిపించేది. పక్క షెడ్ల కుర్రాళ్ళు టీ వేళకు వచ్చి చూసి పోయేవారు.

అతని బాధల్లా కళ్ళు. చేత్తో పట్టుకునే పాత స్క్రీను, దాంట్లో ఒక మూల బీట పడిన నల్లద్దం. ట్యాకింగు వేసేటప్పుడు ఒక చేత్తో ఇనప ముక్కను, ఇంకో చేత్తో హోల్డరును పట్టుకోవాలి. స్క్రీను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని కళ్ళు గట్టిగా మూసుకుని, తల పక్కకు తిప్పి, టక్కున అంటించేసేవాడు. సాయంత్రం బాగానే ఇంటికి చేరేవాడు. అర్ధరాత్రి దాటాక కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలయ్యేది. రెప్ప తెరవలేక, మూయలేక, నీళ్ళు కారుతుంటే గోడకు ఆనుకుని కూర్చునేవాడు. భార్య లక్ష్మి బంగాళదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టేది. మర్నాటికి తగ్గేది. పది రోజులు తిరక్కుండా మళ్ళీ అదే.

"ఈసారి చీటీ మనకొస్తే ముందు నీ కళ్ళ సంగతి చూడు. ఫ్రిజ్జు తర్వాత కొనుక్కుందాం" అంది లక్ష్మి అలాంటి ఒక రాత్రి.

దసరా ముందు చీటీ పాట వాళ్ళకు దక్కింది. వీర్రాజు వన్‌టౌన్‌కు వెళ్ళి ఆటోమేటిక్ హెల్మెట్ కొన్నాడు. మామూలుగా ఉన్నప్పుడు అద్దంలోంచి పని కనిపిస్తుంది, మంట పుట్టగానే అదే నల్లబడిపోతుంది, ఇంక రెండు చేతులూ ఖాళీ. దుకాణదారు దాన్ని బయట ఎండలోకి తెచ్చి నల్లబడటం చూపించాడు. నలుపు ఎక్కువ తక్కువ చేసుకునే మీట కూడా ఉంది. మర్నాడు షెడ్డులో అందరూ ఒకసారి తలకు పెట్టుకుని చూశారు. వీర్రాజు దగ్గర సాయం చేసే చంటి, ఇంటరు తప్పి పనికొచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, దాన్ని పెట్టుకుని సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

గేటు పక్కన కుర్చీలో సుభానీ మేస్త్రి కూర్చుని ఉన్నాడు. వీర్రాజుకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు పని చెయ్యలేడు. పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. బీడీ గాని, సిగరెట్టు గాని జన్మలో ముట్టని మనిషి. అయినా పొద్దున్నే షెడ్డుకు రాకుండా ఉండలేడు.

"బాగుందిరా వీర్రాజూ. కళ్ళకు మంచి పని చేశావు. మరి ముక్కుకేం కొన్నావు?" అన్నాడు.

"ముఖమంతా మూసేసిందిగా మేస్త్రి గారూ. గడ్డం కింద దాకా వచ్చింది. ఇంక పొగ ఎట్టా దూరుద్ది?"

మేస్త్రి వాదించలేదు. "రేపు ఏం పని?" అని మాత్రం అడిగాడు.

"ట్యాంకరుకు నిచ్చెన, పైన రెయిలింగు. అంతా జీఐ పైపులేనండి."

"సరే. రేపు నేను ముందే వస్తా."

మర్నాడు ఆయన ఉతికి ఆరేసిన తెల్ల గుడ్డ ఒకటి తెచ్చి, మూడు సమానమైన ముక్కలుగా చించాడు. ఒకటి వీర్రాజు ముక్కూ నోరూ కప్పేలా కట్టి, దాని మీద కొత్త హెల్మెట్ పెట్టుకోమన్నాడు. రెండోది ఏసు అనే ఇంకో వెల్డరుకు కట్టాడు. ఏసు చేతిలో ఉన్నది పాత స్క్రీనే. మూడోది చంటికి కట్టబోతే వాడు నవ్వాడు.

"నేను వెల్డింగు చెయ్యను కదండీ."

"చెయ్యవు. పైపు పట్టుకుంటావు. కట్టించుకో."

ఆ రోజంతా జీఐ పైపులు కాలాయి. జింకు పూత మండి తెల్లటి పొగ లేచింది, దూదిపోగుల్లాంటి పీచు షెడ్డులో తేలింది. ముగ్గురూ మధ్యాహ్నం భోజనానికి తప్ప గుడ్డలు విప్పలేదు. సాయంత్రం మేస్త్రి మూడింటినీ తీసుకుని, వెనక్కి తిరిగి కలిపేసి, బల్ల మీద పరిచాడు. మూడు గుడ్డల మీదా ముక్కురంధ్రాలు ఆనిన చోట రెండేసి బూడిదరంగు మరకలున్నాయి.

"నీ కొత్త హెల్మెట్‌లోది ఏదో తియ్యరా."

వీర్రాజు మూడింటినీ వెలుతురుకు పట్టి చూశాడు. రెండు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. మూడోది కొంచెం నయం. నమ్మకంగా దాన్నే తీశాడు.

"అది నాది" అన్నాడు ఏసు. "నేను తలుపు దగ్గర కూర్చుని చేశాగా. గాలి అటు నుంచి వస్తంది."

వీర్రాజు మిగిలిన రెంటినీ మార్చి మార్చి చూశాడు. వాటిలో తనదేదో, చంటిదేదో తేల్చుకోలేకపోయాడు. ఒకరేమో చీటీ డబ్బు పోసి ముఖం కప్పుకున్న మనిషి. ఒకరు ఏమీ లేకుండా పక్కన కూర్చున్న కుర్రాడు. పొగ ఇద్దరికీ సమానంగా అందింది.

ఆ రాత్రి వీర్రాజుకు కళ్ళు నొప్పి పెట్టలేదు. కాని పది గంటలకల్లా నోరు తియ్యగా, ఇనుము నాకిన రుచిగా అనిపించింది. దాహం, వెన్నులోంచి చలి, ఆపైన జ్వరం. లక్ష్మి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మలేరియా అనుకుంది. మర్నాటి సాయంత్రానికి ఏమీ జరగనట్టు తేరుకున్నాడు. చంటి ఇంట్లోనూ ఇదే జరిగిందని తర్వాత తెలిసింది.

"అది జీఐ జ్వరం రా" అన్నాడు మేస్త్రి. "మాకూ వచ్చేది. వరసగా నాలుగు రోజులు చేస్తే మానేసేది. ఆదివారం ఇంట్లో ఉండి సోమవారం మళ్ళీ మొదలెడితే మళ్ళీ వచ్చేది. రావడం మానేసిందంటే ఒళ్ళు గట్టిపడిందనుకునేవాళ్ళం."

"పాలు తాగితే పోద్దంటారు కదండీ?"

"ముప్పై ఏళ్ళు తాగాను. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రెండూ ఎక్కడా కలవవు."

ఇంకో రోజు మేస్త్రి కుర్చీ దగ్గర నుంచే పని నడిపించాడు. మూలన ఉన్న జాబ్‌ను తలుపు దగ్గరికి లాగించాడు. పైపు చివర్లలో జింకు పూతను, ముక్కుకు మాస్కు కట్టించి మరీ, రెండేసి అంగుళాలు గ్రైండింగు చేయించాడు. వీపు వెనక తిరుగుతున్న పెద్ద ఫ్యాను తెచ్చి పక్కన పెట్టించాడు. వెనక నుంచి వచ్చే గాలి ఒంటికి కొట్టుకుని ముందు సుడి తిరుగుతుంది, పొగను ముఖంలోకే ఎత్తుతుంది అని చెప్పాడు. పైపును ఎత్తైన బల్ల మీదకు ఎక్కించాడు. దాంతో వీర్రాజు మెడ వంచి పొగ మీదకు వాలాల్సిన అవసరం తప్పింది. చంటిని గాలి వచ్చే వైపుకు మార్చాడు. సాయంత్రం కొత్త గుడ్డలు విప్పితే మరకలు సగానికి సగం పలచబడ్డాయి. పైసా ఖర్చు కాలేదు.

"పోయిందా మేస్త్రి గారూ?"

"తగ్గింది. పోలేదు."

"నా దగ్గర చీటీ డబ్బులు ఇంకా కొంచెం మిగిలాయి. మంచి మాస్కు కొనుక్కుంటా."

"నువ్వు కొనుక్కుంటావు. ఏసు సంగతి? చంటి సంగతి? షెడ్డు నిండా ఉన్న పొగ నీ ఒక్కడి జేబుతో తేలేది కాదు. పద, ప్రసాద్ గారి దగ్గరికి పోదాం."

షెడ్డు యజమాని ప్రసాద్ గారి గది అటు చివర ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. జీతం ఒక్క రోజు ఆలస్యం చేసి ఎరగడు. విషయమంతా విని, "కొనిస్తే పెట్టుకుంటారా మేస్త్రీ? రెండు రోజులు పెట్టుకుంటారు, ఊపిరాడట్లేదని మూడో రోజు మేకుకు తగిలిస్తారు. ఇన్నేళ్ళు నడిచింది కదా" అన్నాడు.

మేస్త్రి లేచి వెళ్ళి, ఆ గది కిటికీకి ఉన్న తెర పక్కకు జరిపాడు. చువ్వలకు ఒక తెల్ల గుడ్డ కట్టి ఉంది. దాన్ని విప్పి తెచ్చి బల్ల మీద పరిచాడు. ముడి వేసిన అంచులు తెల్లగానే ఉన్నాయి. మధ్య భాగం మట్టిరంగుకు తిరిగింది.

"వినాయక చవితి వెళ్ళిన మర్నాడు కట్టానండి. ఇది వెల్డరు ముఖానికి కట్టింది కాదు, మీ కిటికీకి కట్టింది. మీరు క్యారియర్ విప్పి భోజనం చేసేది ఈ కిటికీ పక్కనే."

ప్రసాద్ గారు గుడ్డను బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు. కాసేపటికి కాగితం, పెన్ను మేస్త్రి ముందుకు తోశాడు.

"ఏం కావాలో రాయండి."

మేస్త్రి రాసిన జాబితాలో మొదటిది హెల్మెట్ కాదు. జాబ్ దగ్గరికి వంచుకునే గొట్టం ఉన్న, పొగ లాగే మిషను. రెండోది, హెల్మెట్ కింద ఇమిడే సగం ముఖపు రబ్బరు మాస్కులు, గుండ్రటి పలచటి ఫిల్టర్లతో, షెడ్డులో ఎంత మంది ఉంటే అన్ని. చంటి పేరు విడిగా రాశాడు. మూడోది, నడుముకు కట్టిన ఫ్యాను వడకట్టిన గాలిని ముఖం మీదకు పంపే హెల్మెట్ ఒకటి.

"ఒక్కటేనా?" అన్నాడు ప్రసాద్ గారు.

"ఒకటితో మొదలెట్టండి. స్టీలు పని ఎవరు చేస్తే వాళ్ళకు."

కార్తీకం వచ్చింది. వీర్రాజు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు గడ్డం తియ్యడు. రబ్బరు మాస్కు గడ్డం మీద ఆనక, అంచుల్లోంచి పొగ దూరుతోందని మూడో రోజుకే తెలిసిపోయింది. ప్రసాద్ గారు ఆ గాలి హెల్మెట్ తెచ్చి "స్వామీ, మీ దీక్ష అయ్యేదాకా ఇది మీది" అని చేతికిచ్చాడు. రెండోదానికి ఆ సాయంత్రమే ఆర్డరు పెట్టాడు.

నీతి

ముందు నొప్పి పుట్టించేదానికి మనం కాపలా పెడతాం. నొప్పి లేకుండా లోపలికి పోయేదానికి తలుపు తీసే ఉంచుతాం. వెల్డింగు హెల్మెట్ కొనేవాళ్ళలో చాలామంది అద్దం చూసి కొంటారు, ఎందుకంటే కన్ను ఆ రాత్రికే ఫిర్యాదు చేస్తుంది. ఊపిరితిత్తి ఫిర్యాదు చేయడానికి ఇరవై ఏళ్ళు తీసుకుంటుంది. అందుకే హెల్మెట్ ఎంపిక ముక్కు దగ్గర మొదలుపెట్టి కంటి దగ్గర ముగించాలి. అది కూడా వెల్డరు ఒక్కడి ముక్కుతో ఆగకూడదు.

ఇది కథ కోసం పెంచి చెబుతున్న మాట కాదు. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. బాధ కొన్ని గంటల తర్వాత మొదలై, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పొర మళ్ళీ పెరిగి మానిపోతుంది. పొగ లెక్క వేరు. రాడ్డు కొన దగ్గర లోహం మరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాల్లో చల్లబడి రేణువులవుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఒక మైక్రాను కంటే చిన్నవి. అంత చిన్న రేణువు ముక్కు వెంట్రుకలకు చిక్కదు, గొంతు తడికి అంటదు, నేరుగా ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల దాకా వెళ్ళి కూర్చుంటుంది. కథలో మేస్త్రి కట్టిన గుడ్డకు అంటింది ఆ పొగలో కాస్తంతే. మిగిలింది నేతలోంచి దాటి వెళ్ళిపోయింది. చేతిరుమాలు, గమ్చా కట్టుకుని వెల్డింగు చేసేవాళ్ళు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి. ఆసుపత్రుల్లో వాడే నీలిరంగు మాస్కుకూ ఇదే వర్తిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, వెల్డింగు పొగను చాలాకాలం 'బహుశా క్యాన్సర్ తేవచ్చు' అనే వరసలో ఉంచింది. 2017లో దాన్ని మొదటి వర్గంలోకి, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలోకి మార్చింది. మామూలు ఇనుము పొగకు మినహాయింపు లేదు. దాని తర్వాత 2019 ఫిబ్రవరిలో బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ నియమం బిగించింది. షెడ్డు లోపల ఏ వెల్డింగైనా పొగ లాగే ఏర్పాటు ఉండాలి, అది చాలని చోటా, బయట చేసే పనిలోనూ ఊపిరికి రక్షణ ఉండాలి అని చెప్పింది. తలుపులు తీసి ఉన్నాయి కదా అనే మాటను ఆ సంస్థ ఒప్పుకోలేదు. మన షెడ్లలో అందరూ చెప్పేది ఆ మాటే. తలుపు తీసి ఉంటే పొగ పోయేది షెడ్డులోంచి. దానికంటే ముందు అది దాటాల్సింది వంగి పని చేస్తున్న మనిషి ముఖాన్ని.

ఏ లోహం కాలుస్తున్నామో తెలియకుండా ఏ మాస్కు కావాలో తేలదు. జీఐ పైపులో జింకు ఉంది. అది తెచ్చే జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది, కాని ఆ జ్వరం వచ్చిందంటే పొగ లోపలికి దండిగా వెళ్ళిందని శరీరం సాక్ష్యం చెప్పినట్టే. మామూలు ఇనుములోనూ, రాడ్డులోనూ మాంగనీసు ఉంటుంది. విజయనగరం ప్రాంతంలో 1890ల నుంచి తవ్వుతున్న ఖనిజమే ఇది. దాని దుమ్ము ఎక్కువగా పీల్చిన కార్మికుల్లో నడక తడబడటం, మాట మందగించడం గ్లాస్గోలో జేమ్స్ కూపర్ అనే వైద్యుడు 1837లోనే గమనించి రాశాడు. ఊపిరితో వెళ్ళిన మాంగనీసు మెదడు దాకా చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే క్రోమియం, నికెలు. హోటళ్ళ వంటగది బల్లలు, పాల ట్యాంకులు, మెట్ల రెయిలింగులు చేసేవాళ్ళు రోజూ కాల్చేది దాన్నే. చూడటానికి శుభ్రమైన పని, మసి తక్కువ. పొగలో మాత్రం ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తెలిసిన కారణాల్లో అదొకటి. స్టీలు పని చేసేవాడికే ముందు గాలి హెల్మెట్ ఇమ్మని మేస్త్రి చెప్పింది అందుకే. పసుపు మెరుపుతో ఉండే పాత బోల్టుల మీద కాడ్మియం పూత ఉండే అవకాశం ఉంది. ఆ పొగ ఒక్కరోజు గట్టిగా పీల్చినా ప్రాణం మీదకు రావచ్చు. పూత ఏమిటో తెలియకపోతే ఆ ముక్కను కాల్చకుండా పక్కన పెట్టడమే మంచిది.

ఇక కొనే సంగతి. మామూలు హెల్మెట్ వెలుగును, నిప్పురవ్వలను ఆపుతుంది. పొగను వడకట్టదు. పొగ గడ్డం కింద నుంచి, పక్కల నుంచి పైకి లేచి లోపలే తిరుగుతుంది. ఎంత ఖరీదైన ఆటోమేటిక్ అద్దమున్నా ఇందులో తేడా లేదు. కాబట్టి రెండు దారులు. మొదటిది, హెల్మెట్ కింద వేరే మాస్కు. ఎన్95 గాని, మన ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 గాని కనీస మెట్టు. అంతకంటే రబ్బరు సగం మాస్కుకు పలచటి గుండ్రటి పీ100 ఫిల్టర్లు పెట్టుకుంటే మేలు. పీ100 ఫిల్టరు పరీక్షలో 99.97 శాతం రేణువులను ఆపుతుంది. అయితే ఫిల్టరు ఎంత మంచిదైనా గాలి ఎప్పుడూ తేలిక దారినే వెతుక్కుంటుంది. అంచు చర్మానికి ఆనకపోతే ఫిల్టరును వదిలేసి అంచులోంచే లోపలికి వస్తుంది. రెండు రోజుల గడ్డం చాలు ఆ సందు ఇవ్వడానికి. కొనే ముందు మాస్కు పెట్టుకుని, ఫిల్టర్లను అరచేతులతో మూసి, గాలి లోపలికి పీల్చాలి. మాస్కు ముఖానికి అతుక్కుని నిలవాలి. నిలవకపోతే ఇంకో సైజు, ఇంకో కంపెనీ. ఆ మాస్కు మీద మన హెల్మెట్ దిగుతుందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. దిగని మాస్కు నిజంగానే మేకుకే చేరుతుంది.

రెండో దారి గాలి హెల్మెట్. నడుము పట్టీకి ఉన్న చిన్న మోటారు గాలిని లాగి, ఫిల్టరు గుండా పంపి, గొట్టంలోంచి ముఖం ముందుకు వదులుతుంది. లోపల గాలి ఒత్తిడి బయట కంటే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి పొగ లోపలికి దూరడం కష్టం. ముఖానికి బిగుతుగా ఆనాల్సిన రకం కాకపోతే గడ్డం ఉన్నా పనిచేస్తుంది. పీల్చడానికి బలం పెట్టక్కర్లేదు. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డులో ముఖం మీద గాలి ఆడుతుంటే పని చేయడం ఎంత సుఖమో వేరే చెప్పాలా? పెట్టుకున్నవాడు మళ్ళీ తియ్యకపోవడానికి ఆ సుఖమే కారణం, భద్రతకు అంతకంటే బలమైన హామీ లేదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12941 వీటిని టీహెచ్1, టీహెచ్2, టీహెచ్3 అని విడదీస్తుంది. బ్రిటన్ లెక్క ప్రకారం సరిగ్గా వాడితే ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు పీల్చే పొగను పదో వంతుకు, ఎఫ్ఎఫ్‌పీ3 ఇరవయ్యో వంతుకు, టీహెచ్3 గాలి హెల్మెట్ నలభయ్యో వంతుకు తగ్గిస్తుంది. ఖరీదు ఎక్కువే, మామూలు ఆటోమేటిక్ హెల్మెట్ కంటే చాలా రెట్లు. కొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి: గాలి తగ్గితే గంట మోగుతుందా, ఫిల్టరు ముందు నిప్పురవ్వలను ఆపే జాలీ ఉందా, కొత్త ఫిల్టర్లు మన ఊళ్ళో దొరుకుతాయా. మూడోదానికి దుకాణదారు నీళ్ళు నమిలితే ఆ హెల్మెట్ ఏడాదిలో మూలన పడుతుంది.

అద్దం గురించి చివరగా చెప్పడం దాన్ని తక్కువ చేయడానికి కాదు. మామూలు రాడ్డు వెల్డింగుకు 10 లేదా 11 నంబరు నలుపు సరిపోతుంది, ఆంపియర్లు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ కావాలి. 9 నుంచి 13 దాకా మార్చుకునే అద్దం ఉంటే చాలా పనులకు పనికొస్తుంది. నిజమైన ఆటోమేటిక్ అద్దం నల్లబడక ముందు కూడా అతినీలలోహిత కిరణాలను ఆపుతూనే ఉంటుంది. ఆ మాట నమ్మాలంటే ప్రమాణం ముద్ర కావాలి. మన ఐఎస్ 1179, యూరప్ ఈఎన్ 379, అమెరికా జెడ్87.1, వీటిలో ఏదో ఒకటి అట్టపెట్టె మీద కాదు, అద్దం మీదే ఉందా అని చూడాలి. పైపుల మధ్య, మూలల్లో దూరి చేసేవాళ్ళకు రెండు సెన్సర్ల కంటే నాలుగు మేలు, ఒకటి మరుగున పడినా ఇంకోటి మంటను చూస్తుంది. అద్దానికి బీట పడిందా, ఆ రోజే తీసేయాలి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మాస్కు గాని, గాలి హెల్మెట్ గాని ఉన్న గాలిని వడకడతాయే తప్ప కొత్త ఆక్సిజన్ పుట్టించవు. రేణువులను ఆపే ఫిల్టరు వాయువులను ఆపదు. ట్యాంకరు లోపలికి దిగి ఆర్గాన్‌తోనో, సీఓ2తోనో చేస్తే ఆ వాయువు గాలిని నెట్టేసి, మనిషి ఒక్క కేక కూడా వేయకుండా కూలిపోతాడు. అక్కడ బయట నుంచి గొట్టంలో మంచి గాలి వచ్చే ఏర్పాటు, ముందే ఆక్సిజన్ కొలిచే మీటరు, మూత దగ్గర కదలకుండా నిలబడే ఒక మనిషి ఉండాలి. ఈ మూడూ లేకుండా ట్యాంకరులోకి దిగమనే హక్కు ఏ యజమానికీ లేదు. దిగనని చెప్పే వెల్డరు పని ఎగ్గొట్టినవాడు కాడు. అలాగే క్లోరిన్ కలిసిన ద్రావకంతో గ్రీజు తుడిచిన ముక్కను తడి ఆరకుండా వెల్డింగు చేస్తే ఆర్క్ వేడికి, వెలుగుకు ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అక్కడ పీ100 ఫిల్టరు దేనికీ పనికిరాదు. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి చెయ్యాలి.

కథలో మేస్త్రి చంటి పేరు విడిగా రాశాడని చెప్పాను. ప్రతి షెడ్డులో ఒక చంటి ఉంటాడు. పైపు పట్టుకుంటాడు, స్లాగు కొడతాడు, టీ తెస్తాడు. వాడి దగ్గర స్క్రీను ఉండదు, ఆర్క్ వెలిగినప్పుడు ముఖం తిప్పుకోవడమే వాడికి రక్షణ. వెల్డింగు పొగలో గడపాల్సిన ఏళ్ళు అందరికంటే ఎక్కువ మిగిలి ఉన్నది వాడికే. హెల్మెట్ కొనడానికి వెళ్ళేవాళ్ళు వాడిని కూడా దుకాణానికి వెంట తీసుకెళ్ళాలి. వాడి కళ్ళకు పక్కలు మూసి ఉండే నల్ల కళ్ళద్దాలు, స్లాగు కొట్టేటప్పటికి తెల్లవి ఇంకో జత కావాలి. మాస్కులు మూడు సైజుల్లో వస్తాయి. సన్నటి ముఖమున్న కుర్రాడికి మధ్య సైజు అంచుల్లో వదులవుతుంది, చిన్న సైజు అడిగి, పెట్టి, పీల్పించి చూసి తీసుకోవాలి.